పాప పెరిగేదాకా బేస్ నాది

డాలస్ చుట్టుపక్కల తెలుగు బ్యాండ్‌లలో బేస్ గిటార్ వాయించేవాడికి వీలుకాకపోతే నన్ను పిలుస్తారు. జ్వరాలు, వీసా స్టాంపింగులు, బావమరదుల పెళ్ళిళ్ళు. నా కెరీర్ మొత్తం ఇతరుల ఇబ్బందుల మీద కట్టుకున్నదే. స్టూడియోలో రికార్డింగ్‌కి పిలిచినా అంతే. నేను వాయించింది ఫోన్ స్పీకర్‌లో వినబడదు. తీసేస్తే మాత్రం పాటలో ఏదో పోయిందంటారు. ఏం పోయిందో చెప్పలేరు.

"బేస్ అంటే గిటారే కదా, మరి రెండు తీగలు తక్కువేంటి?" అని డాలస్ పక్కనే కాపెల్‌లో ఒక అంకుల్ అడిగారు.

"ప్రమోషన్ వస్తే ఇస్తారంకుల్."

ఆయన నమ్మారు.

ఆ వేసవిలో వచ్చిన ఇబ్బంది ఒక పసిపాప. నాకు అన్నిటికన్నా ఇష్టమైన బ్యాండ్‌లో బేస్ వాయించే అన్నకి కూతురు పుట్టింది. టూర్‌కి ఆయన బదులు నేను. వ్యాన్‌లో వెనక సీటు, ఆంప్ స్పీకర్‌ని ఆనుకుని కునుకు, గ్యాస్ స్టేషన్ పార్కింగ్‌లో పులిహోర. ఇలాంటి బతుకు కావాలని దేవుణ్ణి ఎవరూ అడగరు. నేను అడిగాను. ఉండిపొమ్మంటారేమోనని రోజూ ఎదురుచూశాను. పాప నిదానంగా పెరగాలని మంచి మనసుతోనే కోరుకున్నాను.

బదులు వెళ్ళినవాడు అసలువాడిలాగే వాయించాలి, తప్పులతో సహా. అది మరిచిపోయి బెంటన్‌విల్‌లో మొదటి షోలో నేను సరిగ్గా వాయించాను. ఒక పాటలో చరణం మొదట్లో అన్న కాస్త ఆలస్యంగా దిగుతాడు. నేను టైముకి దిగాను. పాడే అక్క చరణం ఎత్తుకోలేదు.

"ఏమైందక్కా?" అన్నాను షో అయ్యాక.

"నువ్వు టైముకొచ్చేశావ్ కదరా! అన్న దిగింది విని ఎత్తుకోవడం నాకలవాటు, మిస్సయిపోయా."

"సారీ అక్కా. ఇంకెప్పుడూ టైముకి రాను."

"మాస్టర్స్ క్లాసులకి ఎలా వెళ్ళేవాడివో అలా రా, సరిపోద్ది," అన్నాడు డ్రమ్మర్.

హోటల్ గదిలో కూర్చుని ఆలస్యం ప్రాక్టీస్ చేశాను. జీవితమంతా ఉచితంగా వచ్చిన విద్య, అప్పుడు మాత్రం కష్టపడి నేర్చుకోవలసి వచ్చింది.

టూర్‌లో చివరి షో బాతెల్‌లో. సౌండ్‌చెక్ అయ్యాక అక్క నా దగ్గరికొచ్చి, "ఇవాళ ఆ చరణం నీకెలా వస్తే అలా వాయించు. నేను పట్టుకుంటా," అంది.

టైముకి దిగాను. అక్క నాతోపాటే దిగింది. హాల్లో సగం మంది దోసెల క్యూ ఎంత దాకా వచ్చిందో చూసుకుంటున్నారు. నాకు మాత్రం ఆ చరణం ఇంకా పూర్తి కాలేదు.

ఉండిపొమ్మని ఎవరూ అనలేదు. "సూపర్ రా, టచ్‌లో ఉండు," అన్నారు.

తర్వాతి షో కాపెల్‌లోనే, ఒక స్కూల్ ఆడిటోరియంలో. అన్న తిరిగొచ్చాడు. నేను ఆంటీల మధ్య కూర్చున్నాను. అదే పాట వచ్చింది. అన్న ఎప్పటిలాగే ఆలస్యంగా దిగాడు. అక్క మాత్రం టైముకి ఎత్తుకుంది. డ్రమ్మర్ ఎలాగో సర్దేశాడు. పక్కనున్న ఆంటీ, "ఎంత బాగా పాడుతోందో," అన్నారు. అవునన్నాను.

షో అయ్యాక స్టేజ్ మీద ఫోటోకి నిలబడ్డారు. పాప అన్న భుజం మీద నిద్రపోతోంది.

"నువ్వూ రారా!" అంది అక్క. అన్న నవ్వుతూ పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

"తీసేవాడు కూడా ఒకడుండాలి కదక్కా," అని ఆమె ఫోన్ అందుకున్నాను. అందరూ ఫ్రేములో పట్టేదాకా వెనక్కి జరుగుతూ పోయాను.