నెత్తళ్ళ వాసన వేసిన ఫైలు

ఉద్యోగం కొత్తలో మనిషికుండే ధైర్యంలో ముప్పాతిక వంతు తెలియనితనమే. టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో నాకది పుష్కలంగా ఉండేది. (పొద్దుటి బస్సులో సీటు తప్ప ఏదైనా సాధించగలననుకునేవాణ్ణి.) బారువ తీరంలో ఆడవాళ్ళు ఇసకలో ఆరబోసే చేపలు మబ్బు పట్టినా ఎండేలా ఒక పెట్టె తయారుచేస్తానని, పరిశోధన గ్రాంటు కోసం ఢిల్లీకి ప్రతిపాదన రాశాను. వస్తే మా డిపార్టుమెంటుకి అదే మొదటి గ్రాంటు. అయితే యూనివర్సిటీ అనుమతి పత్రం జతచేయనిదే ఆ వెబ్‌సైటు దేన్నీ లోపలికి రానివ్వదు. పూజారి ఇంట పుట్టినవాణ్ణి కదా, అనుమతి కూడా ప్రసాదంలాంటిదే, చివర్లో చేయి చాపితే పడుతుందనుకుని గడువు ముందురోజు దాకా బారువలోనే పెట్టె కొలతలు సరిచూసుకుంటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం బస్సుకి పరుగెడుతుంటే అప్ప అడ్డంపడింది. (రేవులో చేపలు ఎండేసే పెద్దావిడ. అప్పంటే వాళ్ళ మాటలో అక్క. అందరికీ ఆవిడ అప్పే, నాకూ అంతే.) "ఏటి బాబూ, ఒట్టి సేతుల్తో ఎలిపోతన్నావు? మా రేవుకొచ్చినోడు అలాగెల్తే మాకు నామర్దా కాదేటి?" అంటూ ఎండు నెత్తళ్ళ పొట్లం నా సంచీలో కుక్కేసింది. "అప్పా, మా ఇంట్లో..." అన్నాను. "తినకపోతే సూసుకో. సేప సూడ్డానికీ బాగుంటాది," అంది.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఆపింది. "ఆ సంచీ గడప దాటి లోపలికొచ్చిందో, నేను గడప దాటి బయటికి పోతాను!" అంది. సంచీని వీధి అరుగు మీద కొక్కేనికి తగిలించి పడుకున్నాను. అందులో ఫైలు కూడా ఉందనీ, రాత్రంతా నెత్తళ్ళతో కాపురం చేస్తుందనీ నాకు తట్టలేదు.

మర్నాడు ఆ సంచీతోనే యూనివర్సిటీకి వెళ్ళాను. అక్కడ నా ఫైలు ముందుగా చేరవలసింది సూపరింటెండెంటు గారి బల్ల మీదికి. ఆయన్ని అందరూ రేపు మావ అనేవారు. ఎవరేం అడిగినా "రేపు రండి బావూ" అనడం ఆయన వ్రతం. నా గడువేమో ఆ సాయంత్రమే. ఆయన ఫైలు విప్పాడు, ముక్కు మూశాడు, కిటికీ తెరిచాడు. "ఇదేటి కంపు బావూ! ఇక్కడెట్టకు, ఇవాళే పట్టుకెలిపో," అని టకటకా సంతకం పెట్టేశాడు. రేపు మావ నోట 'ఇవాళ' అన్న మాట విన్న అదృష్టవంతుణ్ణి నేనొక్కణ్ణే. పక్క గది వాళ్ళూ ముక్కుసూటిగా నియమాలు పాటించి, అంతకంటే తొందరగా అవతలికి తోశారు. నెలల తరబడి కదలని ఫైళ్ళ మధ్యనుంచి నాది రథంలా సాగిపోయింది.

ఆగింది ఆఖరి సంతకం పెట్టే పెద్దసారు గదిలో. ఇంగ్లీషు తప్ప మాట్లాడరని పేరున్న మనిషి. ఫైలు మూసి, దానిమీద చేయి పెట్టుకుని, తలుపు వేయమన్నారు. అయిపోయింది, నా గ్రాంటు ఎండిపోయిందనుకున్నాను.

"ఏటివి, నెత్తళ్ళా?" అన్నారు.

"అవును సార్. బారువవి."

"మాదీ ఆ ఒడ్డే. మా యమ్మ ఇసకలోనే ఎండేసేది. ఎండ ఊరికే వస్తాది కదా, నీ పెట్టెందుకు?"

"ఎండున్నప్పుడు అక్కర్లేదు సార్. వానొస్తే కావాలి. ఎంత ఉరికినా సగం చేప ఇసకలోనే కుళ్ళిపోతోంది."

"ఎవరు సెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. వానొచ్చిన రోజు వాళ్ళతోపాటు నేనూ ఉరికాను. గంపలకెత్తాను."

"ఇంటిపేరు సూస్తే పంతులుగారబ్బాయివి, సేపలెత్తినావా?"

"ఎత్తాను సార్. ఇంటికెళ్ళాక మా అమ్మ రెండుసార్లు స్నానం చేయించింది."

పెద్దసారు నవ్వలేదు. సంతకం మాత్రం పేజీకి అడ్డంగా, పండగ ముగ్గులా పెట్టారు. నేను గది దాటుతుండగా వెనకనుంచి పిలుపు: "ఆ పొట్లం ఎలాగూ మీ ఇంట్లోకి రానివ్వరు కదా. ఇక్కడెట్టీసి ఎల్లు."

వెబ్‌సైటు మూతపడేలోగా ప్రతిపాదన వెళ్ళిపోయింది. గ్రాంటు వచ్చింది. మొదటి పెట్టె బారువ రేవులో దింపిన రోజు అప్ప దానిచుట్టూ తిరిగి, మూత తట్టి చూసి, "మా పంతులు సేసినాడు!" అని ఊరందరికీ వినబడేలా అరిచింది. తరవాత చాలా సన్మానాలు జరిగాయి, శాలువాలూ వచ్చాయి. నేను దాచుకున్నది మాత్రం ఆ కేకనే.

ఇప్పుడు అనుమతులిచ్చే కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. ప్రతిపాదనలన్నీ కంప్యూటర్‌లో, చక్కగా, శుభ్రంగా వస్తాయి. ఉడుకు వయసు పిల్లలు, నాకంటే తెలివైనవాళ్ళు రాసినవే. అయినా సంతకం పెట్టే ముందు, పాత అలవాటు చొప్పున, ముక్కు తెరకి దగ్గరగా తీసుకెళ్తాను. పక్కనున్నవాళ్ళు పాపం, సారుకి చూపు ఆనడం లేదనుకుంటారు. అనుకోనీ.