మేస్త్రిని అడగని మాట

మొన్న మార్కాపురంలో ఒక నూనె మిల్లు ముందు లారీలోంచి పెద్ద యంత్రాన్ని దింపుతున్నారు. గొలుసు బిగుసుకుని ఇనుముతో ఒరుసుకున్న కీచు చప్పుడు వినగానే నా రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి. ఈ ముసలాయన ఎవరికి లొంగిపోతున్నాడోనని దారిన పోయేవాళ్లు నవ్వుకుని ఉంటారు. నవ్వుకోనీ. ఆ అలవాటు నేర్పింది యోహాను మేస్త్రి.

మమ్మల్ని మద్రాసు నుంచి దొరలు ఏలే రోజులవి. గిద్దలూరు స్టేషను పక్కన రైలు వంతెనలకు ఇనుప దూలాలు తయారుచేసే షెడ్డు ఉండేది. రేకులు కోసి, రంధ్రాలు వేసి, రివెట్లు కొట్టి దూలం చేసేవాళ్లం. దాన్ని లేపి బండి మీద పెట్టడానికి చేత్తో తిప్పే క్రేను ఉండేది. పెళ్లైన కొత్తలో నేను దాని పిడి తిప్పే పనిలో చేరాను. మేస్త్రిదీ నాదీ కొనకనమిట్ల వైపే, ఒకే చర్చి. అందుకే ఆయన్ని పెద్దనాయనా అనేవాణ్ణి. భార్య పోయాక షెడ్డు వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు. మధ్యాహ్నం అన్నం మాత్రం మాతో కూర్చుని తినేవాడు. రోజు మొత్తంలో ఆయన నవ్వేది ఆ కాసేపే.

దూలానికి గొలుసు చుట్టాక, అది బిగిసేదాకా చేతులతో సరిచేయాలి. వేళ్లు ఇంకా అక్కడే ఉండగా క్రేను తిప్పితే అంతే సంగతులు. ఆయన రాకముందు అలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఇద్దరున్నారు. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఎత్తే ముందు నేను పిడి వదిలి రెండు చేతులూ పైకెత్తాలి, అది చూసి దూలం చుట్టూ ఉన్న నలుగురూ చేతులు తలపైకెత్తాలి. వాళ్ల చేతులు ఎనిమిదీ నేను లెక్కపెట్టాలి.

“ఏడు కనపడితే తిప్పొద్దు. నేను చెప్పినా తిప్పొద్దు” అనేవాడు.

ఆయన చేతులు మాత్రం ఎన్నడూ మా లెక్కలో లేవు. అంత పెద్దమనిషిని చేతులెత్తమని ఎలా అడుగుతాం? అది మర్యాద కాదనుకున్నాం. మా తెలివి అట్లా తెల్లారింది.

ఒకరోజు మబ్బు పట్టింది. వాన పడేలోగా దూలం బండెక్కించాలని అందరికీ తొందరే. ఎనిమిది చేతులు లేచాయి. మేస్త్రి దూలానికి అవతల వంగి ఉన్నాడు, తల మాత్రమే కనిపిస్తోంది. ఎత్తమన్నాడు. నేను తిప్పాను. మెలిపడ్డ గొలుసును ఆఖరి క్షణంలో సరిచేయబోయాడని తర్వాత తెలిసింది. ఆయన అరవలేదు. దించమని మెల్లగా అన్నాడు. కుడిచేతి నాలుగు వేళ్లూ పోయాయి.

దొర విచారిస్తే తప్పు తనదేనని చెప్పాడట. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన్ని కాపలా పనిలో పెట్టారు. నేను ఆయన గదికి వెళ్లి ఏడ్చాను.

“నీ చేతులు చూడకుండానే తిప్పినాను పెద్దనాయనా.”

“ఎత్తమన్నది నేనే. కానీ నన్ను గూడా అడగాల్సింది రా. అడిగితే నేనేమన్నా అనుకుంటానా?” అన్నాడు.

ఆ తర్వాత నేను చేతులు చూడకుండా ఎవరికీ క్రేను తిప్పలేదు. దొరకైనా సరే. బుద్ధి వచ్చిందనే అనుకున్నాను.

కానీ అన్నాల వేళ ఆయన మా దగ్గరికి రావడం మానేశాడు. పళ్లెం తీసుకుని, దూరంగా గోడ వైపు తిరిగి ఎడమ చేత్తో తినేవాడు. అది మేం చూడటం ఆయనకు ఇష్టం లేదేమో, పిలిస్తే నొచ్చుకుంటాడేమో అని ఎవరికి వారే సర్దిచెప్పుకున్నాం. నేను రెండుసార్లు లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాను. ఆ వీపును చూస్తూ ముద్ద మింగడం కష్టంగా ఉండేది. అయినా రోజూ మింగాను.

ఏడాది తర్వాత ఆయన ఊరికి వెళ్లిపోయాడు. ఎక్కువ కాలం బతకలేదు. సమాధి చేసి వస్తుంటే, హనుమంతునిపాడు నుంచి వచ్చిన ఆయన చెల్లెలు నా పక్కన నడిచింది. నేనెవరో ఆమెకు తెలియదు.

“అన్నం కాడికి ఎవురన్నా పిలుస్తారేమోనని రోజూ మెల్లగా తినేవాడంట నాయనా. ‘అందరూ చూసినారు, ఒక్కడూ రమ్మనలేదు’ అని చెప్పుకున్నాడు” అంది.

ఆమెతో పాటు రోడ్డు దాకా నడిచి, బండి ఎక్కించాను. గొలుసు బిగిసిన రోజు ఆలోచించడానికి నాకు వ్యవధి లేదు. ఆ గోడ దగ్గరికి వెళ్లడానికి మాత్రం ఏడాది పాటు ప్రతి మధ్యాహ్నమూ ఉంది.