మూగ బిళ్ళలు

పోకర్ ఆటలో పందెం కాసే బిళ్ళలు కొనడానికి వెళ్ళిన ఫ్యాన్ల మెకానిక్, ఒక్కో రకాన్నీ గాజుబల్ల మీద జారవిడిచి చెవి ఒగ్గి విన్నాడు.

"కొంటారా, వాయిస్తారా?" అని కొట్టతను విసుక్కున్నాడు.

చివరికి కొన్నది చవకరకమే, ఊదితే ఎగిరిపోయే ప్లాస్టిక్. అయితేనేం, ఇంటికొచ్చి ప్రతి బిళ్ళకూ రెండు వైపులా ఇనుప వాషర్ అంటించాడు. అప్పుడు ఒకదాని మీద ఒకటి పడితే ఖంగున మోగాయి.

ఈ తంటా అంతా భార్య కోసం. నడుం పడిపోయి పక్కగదిలో మంచం పట్టిన ఆవిడ, ఆదివారాల్లో ఆయన స్నేహితులతో ఆడే ఆటను చెవులతోనే చూసేది. బిళ్ళల గుట్ట ఒక్కసారిగా అవతలికి దొర్లిన మోత వినబడితే చాలు, "ఏమండీ, మళ్ళీ మునిగారా?" అని నవ్వేది. "నోరు మూసుకోవే, ఆట ఇంకా ఉంది!" అని ఈయన కసిరేవాడు. స్నేహితులు పగలబడి నవ్వేవారు.

ఆవిడ పోయాక ఆట ఆగిపోయింది. కొన్నాళ్ళకు స్నేహితులే పట్టుబట్టి కూర్చోబెట్టారు. తీరా చూస్తే బిళ్ళల వాషర్ల మీద మఖ్మల్ గుడ్డ అంటించి ఉంది.

"ఇదేంట్రా, చప్పుడే లేదు?" అన్నాడు పక్కింటి టైలరు.

"ఎవరు వినాలని?" అన్నాడు మెకానిక్ కటువుగా.

ఆట సాగుతుండగా, గుడ్డ అంటించడం మరిచిపోయిన బిళ్ళ ఒకటి ఆయన చేతిలోంచి జారి నేల మీద ఖంగుమంది.

వెంటనే పక్కగది వైపు తిరిగి కసిరాడు.

"ఓడలేదులేవే, చెయ్యి జారిందంతే!"