మా తాత ఎక్కని ఓడ

పాత ప్రయాణికుల ఓడల సామాను పోగుచేసే పిచ్చివాళ్ళు నెల్లూరు జిల్లాలో నాకు తెలిసి ఇద్దరమే. ఒకణ్ణి నేను. రెండోవాడు నెల్లూరు బజారులో పాత్రల కొట్టు నడిపే భాయి. ఆ ఒక్కడూ లేకపోతే నా జీవితం ఎంత హాయిగా ఉండేదోనని చాలాసార్లు అనుకున్నాను. అతను నా స్నేహితుడు కూడా.

నేను కోవూరులో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాను. ఒకసారి చెన్నైలో పాత పుస్తకాల కొట్లో ఒక ఓడ తాలూకు మెనూ కార్డు దొరికింది. అట్ట మీద తెల్లటి ఓడ, మూడు పొగగొట్టాలు, లోపల ఒక్క పూటకు వడ్డించే పదకొండు వంటకాల పేర్లు. ఆ బొమ్మ వేసినవాడి చెయ్యి చూసి మురిసిపోయాను. పిచ్చి అక్కడ పట్టింది. అప్పటినుంచి కాలికి బలపం కట్టుకుని తిరిగి ఓడ చెంచాలు, పెట్టెలకు అంటించే చీటీలు, గదుల తాళంచెవులకు తగిలించే ఇత్తడి బిళ్ళలు పోగుచేశాను. భాయికి ఆ తిరుగుడు అక్కర్లేదు. పాత పాత్రలు వేసి కొత్తవి పట్టుకెళ్ళేవాళ్ళ సంచుల్లోంచి ఓడ గుర్తున్న టీ కూజా దానంతట అదే వచ్చి అతని తక్కెట్లో పడుతుంది.

అదైనా ఓర్చుకునేవాణ్ణే. నా కడుపుమంటకు అసలు కారణం వేరే ఉంది. భాయి వాళ్ళ తాత మద్రాసు నుంచి రంగూను, సింగపూరు వెళ్ళే ఓడలో ఏళ్ళ తరబడి వడ్డన పని చేశాడు. కొట్లో అద్దాల బీరువాలో ఉన్నవన్నీ ఆ ఒక్క ఓడవే. ఎవరైనా చూడ్డానికొస్తే భాయి ముందు తాత సంగతి ఎత్తుకుంటాడు. తుఫానులో ఓడ ఊగిపోతున్నా ఆయన చేతిలో సూపు చుక్క ఒలికేది కాదట. వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని వింటారు. అదే నా వస్తువులు చూసినవాళ్ళు, ఇవన్నీ ఎందుకు మాస్టారూ అని అడుగుతారు. మా తాత వరి పండించుకున్న మనిషి, పెన్న దాటి నెల్లూరు వెళ్ళడమే ఆయనకు పెద్ద ప్రయాణం. భాయికి ఓడలు వారసత్వం, నాకు కాలక్షేపం. అదే నాకు మింగుడుపడేది కాదు.

కిందటేడు, జువ్వలదిన్నెలో కాపురముంటున్న నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. వాళ్ళ పక్కింట్లో ఎండు రొయ్యలు పోసుకునే పళ్ళెం మీద లంగరు బొమ్మ ఉందని చెప్పింది. రెక్కలు కట్టుకుని వాలాను. వెండిపూత వేసిన పెద్ద వడ్డన పళ్ళెం, రెండు పక్కలా పిడులు, నడుమ ఓడ పేరు. భాయి తాత పనిచేసిన ఓడే. భాయి బీరువాలో లేనిది సరిగ్గా ఆ పళ్ళెమే, దానికోసం అతను వెతకని చోటు లేదు. ఆ ఇంటావిడకు రెండు స్టీలు బేసిన్లు కొనిచ్చి దాన్ని తెచ్చుకున్నాను.

ఆ సంతోషం దారిలో బిట్రగుంట దాకా కూడా నిలవలేదు. చూపించగానే, మా తాత చేతుల్లో తిరిగిన పళ్ళెం అంటాడు భాయి. వస్తువు నాదైనా కథ మళ్ళీ అతనిదే అవుతుంది. బండి వెనక్కి తిప్పి కావలి వెళ్ళాను.

మన ఇళ్ళలో గిన్నె ఎవరిదో తెలియాలంటే దాని అంచు చూస్తాం. పెళ్ళికిచ్చినా గృహప్రవేశానికిచ్చినా పేరు కొట్టించకుండా గిన్నె కొట్టు దాటదు. కావలి బజారులో చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టే ముసలాయన ఉన్నాడు. నెల్లూరులోనూ ఉన్నారు గాని, వాళ్ళంతా భాయి మనుషులు. పళ్ళెం అడుగున మా తాత పేరు, దాని కింద కోవూరు అని కొట్టమన్నాను. పాతకాలపు అక్షరాలు ఎలా ఉండాలో నేనే కాగితం మీద గీసిచ్చాను. ఇంటికొచ్చి ఆ చుక్కల్లో దీపం మసి రుద్దాను. అపురూపమైన వస్తువును చేజేతులా పాడుచేస్తున్నానని నాకు తెలుసు. ఇంకొకడు ఆ పని చేస్తే చెయ్యి విరగ్గొట్టేవాణ్ణి.

మర్నాడు పళ్ళెం భాయి ముందు పెట్టి, మా అటక మీద దొరికిందన్నాను. మా తాత వయసులో ఉండగా ఒకసారి రంగూను వెళ్ళొచ్చాడట, నాకూ ఇప్పుడే తెలిసింది అన్నాను. అతని ముఖం మాడిపోతుందని కాచుక్కూర్చున్నాను. భాయి పళ్ళెం తిరగేసి, పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. తర్వాత గల్లాపెట్టె దాటి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు.

"మా తాత వడ్డించినాడు, మీ తాత తినినాడు. ఓడ పళ్ళెం ఊరికే ఎవురికీ ఇయ్యరన్నా. మా తాతే ఇచ్చుంటాడు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కనీసం అప్పుడైనా నా అసూయ చల్లారాలి కదా, చల్లారలేదు. చూడని మనిషిని, అదీ నా తాతను, అంత తేలిగ్గా ప్రేమించగలిగాడే అని ఇంకా మండింది.

ఆ వచ్చే శుక్రవారానికి వాళ్ళ తాత పోయిన రోజు వస్తుంది. ఏటా ఆ రోజు ఆయన పేరు మీద ఫాతెహా ప్రార్థన చదివించి, ఆయనకు ఇష్టమైనవి వండి నలుగురికీ పెట్టడం వాళ్ళింటి ఆనవాయితీ. ఈసారి మా తాత పేరు మీద కూడా ఒకటి వండిస్తానన్నాడు భాయి.

"మీ తాతకు ఏందంటే ఇష్టమన్నా?"

నాకు తెలియదు. కనుక్కుని చెబుతానని కోవూరు వచ్చి మా మేనత్తను అడిగాను. ఆయన పిల్లల్లో మిగిలింది ఆమె ఒక్కతే.

"ఏమోరా. పెట్టింది తిని పొలానికి పొయ్యేవాడు. ఏం కావాలని ఎవురమూ అడగలా."

భాయికి ఫోన్ చేసి, బెల్లం పరమాన్నం అని చెప్పాను. శుక్రవారం వాళ్ళింట్లో పెద్ద గిన్నెడు కాచారు. వాళ్ళ పిల్లలు, కొట్లో పనివాళ్ళు, వీధిలోవాళ్ళు మా తాత పేరు చెప్పుకుని తిన్నారు. మా ఇంట్లో ఆయన తద్దినం మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. భాయి భార్య నాకు రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాను.