సర్పంచ్ సాబ్ పలకరింపు

ఒమాన్‌లోని సీబ్ పట్నంలో మా కంపెనీ రూమ్‌లో ఉండే ఆ పెద్దమనిషిని అందరం సర్పంచ్ సాబ్ అనేవాళ్లం. ఊళ్లో సర్పంచ్‌గా రెండుసార్లు గెలిచి, మూడోసారి ఓడి, ఇక్కడికొచ్చి మాతోపాటే సైట్‌లో సిమెంటు బ్లాకులు మోసేవాడు.

డ్యూటీ నుంచి ఎంత అలసి వచ్చినా ప్రతి మంచం దగ్గరా ఆగేవాడు. భుజం మీద చెయ్యేసి, "తిన్నవా?" అనేవాడు. మేం జవాబు చెప్పేలోపే పక్క మంచం దగ్గరుండేవాడు.

"ఈడ ఓట్లు లేవు సాబ్," అని నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు కానీ మానేవాడు కాదు.

ఒక శుక్రవారం ఇంటికి వీడియో కాల్ చేస్తే కూతురు ఎత్తింది. "తిన్నవా బిడ్డా? అమ్మకియ్యి," అన్నాడు ఒకే ఊపిరిలో.

"ఊరోళ్లను అడిగినట్టే నన్ను గూడ అడుగుతవ్ బాపూ. చెప్తే ఇనవు," అంది ఆ పిల్ల. గొంతులో కోపం కూడా లేదు.

ఫోన్ పెట్టేశాడు. తర్వాత లేచి నా మంచం దగ్గరకొచ్చి, భుజం మీద చెయ్యేశాడు.

"తిన్నవా?"

ఈసారి కదల్లేదు. నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"తినలే సాబ్," అన్నాను. ఆ రోజు వంట వంతు నాదే. ఒళ్లు లేవక పొయ్యి వెలిగించలేదు.

ఆ చెయ్యి అలాగే నా భుజం మీద ఉండిపోయింది. ఆ ప్రశ్నకు ఆయన ఆగి విన్న మొదటి జవాబు అదే.