నాలుక మాస్టారి పొడపత్రి

నాలుక మాస్టారికి అసలు పేరొకటి ఉంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. ముప్పై రెండేళ్లుగా ఒకే బేకరీలో కేకుల పిండి కలుపుతున్న ఆ మనిషి ఏనాడూ తూకం ముట్టుకుని ఎరగరు. పంచదార బస్తాలోంచి దోసిలితో తీసి పోయడం, కలపడం, చిటికెన వేలి కొస పిండిలో ముంచి నాలుకకు రాసుకోవడం, కళ్లు మూసుకోవడం. తల ఊపారంటే పిండి అచ్చుల్లోకి వెళ్లాలి. లేదంటే ఇంకో గుప్పెడు పడాలి. శాస్త్రమంతా అంతే. అందుకే వీధి వీధంతా ఆయన్ని నాలుక మాస్టారనే పిలిచేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, మాస్టారి నోరు మంచిదని నేను చెప్పను, నాలుక మాత్రం మంచిదే.

పెద్ద యజమాని ఉన్నన్నాళ్లూ ఈ పద్ధతి చెల్లింది. ఆయన పోయాక కూతురు కొట్టు చూసుకుంటోంది. చదువుకున్న పిల్ల, పెద్దంతరం చిన్నంతరం తెలిసిన పిల్ల. అదే వచ్చిన చిక్కు. పొగరుబోతైతే ఎదురు తిరగొచ్చు. బస్టాండు దగ్గర రెండో కొట్టు పెడుతున్నాననీ, అక్కడా ఇదే రుచి రావాలనీ, ఒక్కసారి అన్నీ తూచి రాసుకుందామనీ ఆ పిల్ల ఎంతో మర్యాదగా అడిగింది. తళతళలాడే కొత్త తూకం కూడా కొనుక్కొచ్చింది. మాస్టారు ఒకరోజు పిండి చెమ్మగా ఉందన్నారు, ఒకరోజు గుడ్లు చిన్నవన్నారు, ఒకరోజు నడుం పట్టేసిందన్నారు. నడుముకీ తూకానికీ ఏం సంబంధమో ఆ పిల్ల అడగలేదు.

ఆయన భయం ఆయనది. రుచి కాగితం మీదికి ఎక్కిందంటే ఇక మనిషితో ఏం పని? కాగితానికి జ్వరం రాదు, సెలవు అడగదు. తనకేమో యాభై తొమ్మిది. ఈ వయసులో నాలుక ఒక్కటే చేతిలో పెట్టుకుని ఏ గుమ్మం ఎక్కినా, పోయిరమ్మంటారు. ఆ పిండి బేసిన్ ముందు నిలబడే చోటు పోతే తను ఇంట్లో కూర్చుని గోడలు లెక్కపెట్టాల్సిందేనని మాస్టారికి తెలుసు.

సరిగ్గా అప్పుడే షుగరు బయటపడింది. కాలి వేలి మీద చిన్న దెబ్బ ఎంతకీ మానకపోతే, భార్య బలవంతం మీద ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ మాత్రలు రాసింది, రోజూ నడవమంది, తీపి మానమంది. ఏం పని చేస్తారని అడిగితే, కేకులు రుచి చూస్తానని చెప్పారు. ఆవిడ రాస్తున్న కలం ఆపి ఒకసారి ఆయన మొహం చూసింది. వేలి కొసకి అంటినంత ఫర్వాలేదు గానీ ముక్కలు మింగొద్దని చెప్పి పంపింది.

దారిలోనే మాస్టారు భార్య చేత ఒట్టు వేయించుకున్నారు. ఈ సంగతి కొట్లో పొక్కకూడదు. పొక్కితే ఆ పిల్ల తిట్టి పంపదు, జాలిపడి పంపేస్తుంది. జాలిపడి పంపేవాళ్లతో ఏమని పోట్లాడతాం?

ఆవిడ ఒట్టైతే వేసింది గానీ, వైద్యం మాత్రం తన చేతుల్లోకి తీసుకుంది. వాళ్ల అమ్మగారింట షుగరున్న వాళ్లకి పొడపత్రి ఆకు ఎండబెట్టి, దంచి, పల్చటి గుడ్డలో జల్లించి ఇచ్చేవారు. ఆవిడ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి మరీ అడిగింది. మాత్ర మానకూడదు, నెల నెలా రక్తం చూపించుకోవాలి, కళ్లు తిరిగినట్టుంటే వెంటనే రావాలి, ఇవి పాటిస్తామంటే కొంచెంగా వేసుకోనివ్వండి అని ఆ డాక్టరమ్మ ఒప్పుకుంది. మర్నాటి నుంచి పొద్దున్నే ఐదింటికి అరచెంచా పచ్చటి పొడి నాలుక మీద వేయడం, కరిగేదాకా చప్పరించమనడం, ఆ వెంటనే టీ గ్లాసు చేతికివ్వడం.

ఇందులో ఆవిడ కిటుకు ఒకటుంది. పెళ్లయిన నాటి నుంచీ మాస్టారు టీ నోట్లో పెట్టుకుని "ఇంకో అరచెంచా" అనని రోజు లేదు. పొడపత్రి నోట్లో ఉన్నంతసేపు తీపి తెలియదని ఆవిడకి పుట్టింట్లోనే తెలుసు. రెండో రోజే టీలో పంచదార మానేసింది. మాస్టారు కిక్కురుమనకుండా తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయారు. ముప్పై ఏళ్ల గొడవ అరచెంచా పొడితో తీరిపోయిందని ఆవిడ ఎంత సంబరపడిందో చెప్పలేను. అయితే ఆ నాలుక ఇంట్లోంచి బయల్దేరి, పది నిమిషాల్లో తిన్నగా ఎక్కడికి వెళ్తుందో మాత్రం ఆ మహాతల్లి ఆలోచించలేదు.

పొడి మొదలెట్టిన పొద్దునే మాస్టారు వేలు ముంచి రుచి చూస్తే పిండి ఒట్టి పిండిలాగే ఉంది. గుప్పెడు పోశారు. లాభం లేదు. ఇంకో రెండు పోశారు. వెన్న రుచి తెలుస్తోంది, ఉప్పు తెలుస్తోంది, తీపి ఒక్కటే ఎటో పోయింది. ఇక చెయ్యి నొప్పెట్టేదాకా పోసి, అలవాటు కొద్దీ తల ఊపారు. కేకులు పైన నల్లగా మాడి, మధ్యలో గుంటలు పడి బయటికొచ్చాయి. పొయ్యి పాడైందన్నారు. పొయ్యి బాగుచేసేవాడు వచ్చి, మొత్తం విప్పి, ఏమీ లేదని మళ్లీ బిగించి పోయాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇలాంటి వాళ్లని చూసే పుట్టి ఉంటుంది. పొయ్యి మీద నేరం నిలబడకపోయేసరికి మాస్టారు పంచదార మీద పడ్డారు. దీనిలో తీపి లేదు, తిప్పి పంపెయ్యమన్నారు. అలా మూడు బస్తాలు వెనక్కి వెళ్లాయి.

కొనేవాళ్ల పాట్లు వేరు. రోజూ వచ్చే పెద్దావిడ ఒకావిడ సగం ముక్క తిని మూడు గ్లాసుల నీళ్లు తాగి, మిగతా సగం కాగితంలో చుట్టి అక్కడే వదిలేసి పోయింది. బడి పంతులొకాయన పన్ను పట్టుకుని వచ్చాడు. చీమలు మాత్రం మాస్టారికి జీవితాంతం రుణపడిపోయాయి. అమ్మాయి మెల్లగా, తీపి కాస్త ఎక్కువైందేమో చూడమని అడిగితే, మీ నాన్నగారు నన్నెప్పుడూ ఆ మాట అనలేదని మాస్టారు మొహం తిప్పుకున్నారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు కొత్త తూకం తెచ్చి పిండి బేసిన్ పక్కనే పెట్టింది.

దాన్ని చూసి మాస్టారి గుండె గుభేలుమంది. పైకి బింకంగా ఉన్నారే గానీ లోపల వణికిపోతున్నారు. షుగరొస్తే కళ్లు పోతాయని విన్నారు, కాళ్లు పోతాయని విన్నారు, నాలుక పోతుందని ఎవరూ చెప్పలేదే. కొట్లో టీ అయితే పంచదార వద్దనాలి, అంటే గుట్టు రట్టవుతుందని అక్కడ టీయే మానేశారు. ఇంట్లో ఎలాగూ ఆవిడ చప్పటి టీయే. తీపి తగిలే దారులన్నీ తనే మూసుకుని, నాలుక చచ్చిపోయిందని కుమిలిపోతున్నారు పాపం.

నాలుగో బస్తాతో పంచదార షావుకారు స్వయంగా వచ్చాడు, పొద్దున ఐదున్నరకల్లా. బస్తా దింపించి, మూతి విప్పి, చెంచా నిండా తీసి మాస్టారి ముందు పెట్టాడు. అమ్మాయి కౌంటరు వదిలి లోపలికొచ్చింది.

"నలభై ఏళ్ల నుంచి అమ్ముతున్నా. తూకం తక్కువన్నారు, తడిసిందన్నారు. తియ్యగా లేదన్నవాణ్ని నిన్నొక్కణ్నే చూశా. తిని చెప్పు మాస్టారూ, నా కళ్ల ముందు."

మాస్టారు చెంచా నోట్లో పెట్టుకున్నారు. కరకరా నమిలారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇసక" అన్నారు.

అమ్మాయి చిటికెడు నోట్లో వేసుకుంది. షావుకారి వంక చూసింది. అరవడానికి నోరు తెరిచిన షావుకారు ఎందుకో ఆగి, మాస్టారి మూతి దగ్గరికి వంగాడు.

"ఏదీ, నాలుక చాపు."

మాస్టారు చిన్నపిల్లాడిలా చాపారు. నాలుక మధ్యలో పచ్చగా ఉంది. షావుకారు బస్తా మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"పొడపత్రి వేసుకుని వచ్చావా? పిండి కలపడానికా? ఎవరైనా చేసే పనేనా ఇది? అది పడ్డాక గంటసేపు పంచదారకీ మట్టికీ తేడా తెలీదయ్యా."

తేలు కుట్టిన దొంగలా మాస్టారు నాలుక లోపలికి లాక్కున్నారు. ఇదంతా మీకెలా తెలుసని అమ్మాయి అడిగేసరికి షావుకారు నవ్వు ఆగింది. తనకీ పదకొండేళ్ల నుంచి షుగరేనట. ఇంట్లో ఆవిడ ఆ పొడే వేయిస్తుందట. పంచదార బస్తాల మధ్య కూర్చునేవాడికి షుగరంటే బజారంతా నవ్విపోతారని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదట. అది వినడానికి అక్కడ ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరిలో ఒకరికి వినే స్థితి లేదు.

షుగరు బయటపడి ఎన్నాళ్లయిందని అమ్మాయి మాస్టారిని అడిగింది. రెండు నెలలని చెప్పారు. ఇవాళ్టికి ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమంది. అందులో ఇవాళ్టికి అన్న మాట మాస్టారి చెవిన పడలేదు. ఇంటికెళ్లడమన్నది ఒక్కటే పడింది. ముందు కట్టుకున్న గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, తూకం మీద ఉంచి వచ్చేశారు.

ఇంటికొచ్చి భార్య మీద విరుచుకుపడ్డారు. నా నాలుక చంపావన్నారు, నా కూడు తీశావన్నారు, ఆ ముక్క ముందే చెప్పడానికేమొచ్చిందన్నారు. చెబితే వేసుకునేవారు కాదని ఆవిడ తాపీగా జవాబిచ్చింది. తరవాత కూరల కత్తి పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీ నాలుక బేకరీది. మిగతా మనిషి నాది. నా వాటా నేను చూసుకున్నా."

ఆవిడ పొడి డబ్బా తీసి, ఇకనుంచి సాయంత్రం పూట అని దాన్ని పై అరలో పెట్టింది. ఎంతైనా ఆవిడకీ లోపల నొచ్చింది, మొహం చూస్తే తెలుస్తోంది.

తొమ్మిది దాటాక మాస్టారు వంటింట్లోకి వెళ్లి పంచదార డబ్బాలో వేలి కొస పెట్టి నాలుకకు రాసుకున్నారు. తియ్యగా ఉంది. మళ్లీ చూశారు. మళ్లీ తియ్యగానే ఉంది. అరవయ్యేళ్లు మీద పడబోతున్న మనిషి వంటింటి గట్టు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆవిడ చూసి కూడా చూడనట్టు కూర తరుక్కుంది. ఆ ఏడుపు అయ్యాక మాస్టారికి ఒకటి తోచింది. ఇవాళ ఆకు వల్ల పోయి వచ్చింది, రేపు ఇంకో దానివల్ల రాకుండానే పోవచ్చు. అలా పోతే ముప్పై రెండేళ్ల రుచి తనతోనే పోతుంది. పెద్దాయన కొట్టు, ఆ పిల్ల కొట్టు, ఏమైపోవాలి?

ఆ మధ్యాహ్నమే వెళ్లి, తూకం పెట్టమన్నారు.

మూడు రోజులు మూడు విడతలు. మాస్టారు తన పద్ధతిలో దోసిలితో పోయడం, ఆ పిల్ల బస్తాని పోయకముందూ పోశాకా తూచడం. మొదటి రోజు రెండు కిలోల ఆరువందల గ్రాములు. రెండో రోజు ఇంకో పది గ్రాములు. మూడో రోజు మళ్లీ కచ్చితంగా ఆరువందలు. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తుంటే మాస్టారికి ఛాతీ ఉబ్బింది, ఆ వెంటనే దిగిపోయింది. తన చేత్తో తనే కాగితమైపోయారు కదా. "రాసుకో అమ్మాయ్, రెండు కిలోల ఆరువందలు" అన్నారు. రాసుకుంది.

సోమవారం వెళ్లేసరికి కాగితం గోడ మీద అంటించి ఉంది. అమ్మాయి దాన్ని చూసి పిండి కలిపేసింది కూడా. బేసిన్ ముందుకు జరిపి, ఒకసారి చూడండి మాస్టారూ అంది. మాస్టారు వేలు ముంచారు. కొంచెం తక్కువనిపించింది. మళ్లీ నాలుక మోసం చేస్తోందేమోనని చెమటలు పట్టాయి, అయినా ఉన్నమాట చెప్పారు. గుప్పెడు పోయించాక సరిపోయింది. మంగళవారమూ అంతే, అదే గుప్పెడు. బుధవారం ఇక ఉండబట్టలేక, అమ్మాయి బన్నుల ట్రేలు సర్దుతున్నప్పుడు గోడ దగ్గరికెళ్లి కాగితం చదివారు. పంచదార రెండు కిలోల ఐదువందలని ఉంది.

ఎంత చదువుకుంటే మాత్రం ఏం లాభం, చెప్పింది చెప్పినట్టు రాయడం రాదనుకుని, ఐదుని ఆరు చేద్దామని జేబులోంచి కలం తీశారు. అక్కడే బల్ల మీద రెండో కొట్టుకి పంపే కాగితం కూడా ఉంది. సరిచూద్దామని దాన్ని చేతిలోకి తీసుకున్నారు. అందులో శుభ్రంగా రెండు కిలోల ఆరువందలని ఉంది. మాస్టారు ఈ కాగితం చూశారు, ఆ కాగితం చూశారు. వెనక్కి తిరిగితే, అమ్మాయి సర్దిన ట్రేలనే మళ్లీ సర్దుతోంది, ఇటు మాత్రం చూడటం లేదు.

మాస్టారు కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. బేసిన్ దగ్గరికెళ్లి వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు.

"అమ్మాయ్, గుప్పెడు తక్కువైంది" అన్నారు.

"అయ్యో, అవునా మాస్టారూ" అని ఆ పిల్ల పరుగున వచ్చి పంచదార పోసింది.