మా అత్త చెప్పిన ఆమెన్

నా చిన్నప్పుడు, పద్నాలుగేళ్ళ వయసులో, ఒక మనిషిని నరకాలని కొడవలి నూరుకున్నాను. ఆయన బేస్తవారిపేట దగ్గర మా పల్లెలో పొలాలున్న ఆసామి. మోటారు వైరు పోయిందని, తన దగ్గర కూలికి వచ్చే మా నాయనను బస్సు ఆగే చోట అందరి ముందూ చెప్పుతో కొట్టాడు. వైరు తర్వాత ఆయన పాకలోనే దొరికింది. ఆ మాట మాతో చెప్పడానికి కూడా ఆయనకు నోరు రాలేదు. ఆ వారంలోనే ఆయన గడ్డివాముకు నిప్పు పెట్టాను. వాము వెనక దూడను కట్టేసి ఉన్నారని నాకు తెలియదు.

పోలీసులు తీసుకెళ్ళారు. ఊళ్ళో పిల్లల జైలని పిలిచే చోట కొన్ని నెలలు ఉన్నాను. తిరిగి వచ్చాక నాకు నిద్ర లేదు. తాళం చప్పుడైతే ఒళ్ళు బిగుసుకునేది. కంచం ముందు కూర్చుంటే వాంతి వచ్చేది. చెల్లెలు నవ్వితే నన్ను చూసే నవ్విందని కొట్టాను. ఇదంతా ఆ ఆసామి వల్లనేనని, ఆయన చస్తే నాకు నయమవుతుందని నమ్మాను.

కొడవలి సంగతి మొదట పసిగట్టింది పక్కింట్లో ఉండే మా మేనత్త. "ఏందిరా అల్లుడా, కోతలు లేని కాలంలో కొడవలి నూరుతుండావు? మళ్ళా జైలుకు పోతే నా బిడ్డను ఎవురికియ్యాల?" అని నవ్వింది. నేను నవ్వలేదు. కొడవలి లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. "రేపు బుధవారం. మా ఇంట్లో కూటముంది. వచ్చి నీ మనవి చెప్పు" అంది.

మా క్రైస్తవ పల్లెల్లో బుధవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటారు. ఒక్కొక్కరే లేచి తమ మనవి చెబుతారు, జ్వరమో, వానో, బోరులో నీళ్ళో. మిగతావాళ్ళు ఆమెన్ అంటారు. నా వంతు వచ్చినప్పుడు లేచి, "వాని చెయ్యి పడిపోవాల. వాని కొడుకు ముందర వానిని చెప్పుతో కొట్టాల. వాడు సావాల" అన్నాను.

ఒక్కరూ ఆమెన్ అనలేదు. ఒక పెద్దాయన, "ఇది ప్రార్థనా, శాపమా? కూర్చోరా" అని గద్దించాడు.

అప్పుడు మా అత్త గట్టిగా "ఆమెన్" అంది. "లోపలుండేది చెప్పినాడు గదా మామా. మనమే లోపలొకటి పెట్టుకోని బయటొకటి చెప్తాం." తర్వాత నన్ను వాకిట్లోకి తీసుకెళ్ళి, "మనవి దేవునికి అప్పజెప్పినావు. మళ్ళా బుధవారం దాకా ఆ పనిలో నువ్వు చెయ్యి పెట్టగూడదు. అది రూలు" అంది.

అటువంటి రూలు ఏ సంఘంలోనూ లేదని పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు నమ్మాను. వారం వారం వెళ్ళి అదే మనవి చెప్పాను. ప్రతిసారీ అత్త ఒక్కతే ఆమెన్ అనేది, ఇంకో బుధవారం దాకా గడువు పెట్టేది. దారిలో ఆసామి ఎదురైతే పళ్ళు కొరుక్కుంటూ పక్కకు తప్పుకునేవాణ్ణి. ఒక కూటంలో నేను మనవి చెప్పి కూర్చోబోతుంటే అత్త, "ఇంకేమన్నా ఉందారా లోపల?" అని అడిగింది. వాణ్ణి ఇంకో తిట్టు తిడదామనే నోరు తెరిచాను. "ఆ దూడ అరుపు ఇంకా వినపడతాంది. అది నాకేం జేసింది?" అన్న మాట బయటికొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. ఈసారి అత్త కంటే ముందే ఇల్లంతా ఆమెన్ అంది. నన్ను గద్దించిన పెద్దాయన గొంతే అందరికంటే పైన వినిపించింది. ఆ పూట కడుపునిండా తిన్నాను. కొడవలి ఆ ఏడు కంది కోతలకే పనికొచ్చింది.

దాంతో నేను మంచివాణ్ణయిపోయానని చెప్పను. ఆ మనిషిని ఇప్పటికీ క్షమించలేదు. ఆయన పోయాడని తెలిసిన రోజు సంతోషం కలిగింది. సిగ్గుపడ్డాను, అయినా కలిగింది. దూడ విషయంలో మాత్రం తప్పించుకోను. దాన్ని కాల్చింది ఆయన కాదు, నేను.

ఇప్పుడు మా వైపు ఏ పిల్లవాడైనా పిల్లల జైలు నుంచి తిరిగి వస్తే ఊరంతా వాడికి బుద్ధులు చెబుతుంది. నేను వెళ్ళి ఊరికే పక్కన కూర్చుంటాను. మొన్న ఒకడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఏంది తాతా, నువ్వు గూడా నీతులు చెప్పేదానికి వచ్చినావా?" అన్నాడు.

"లేదు నాయనా. ఎవుర్ని కొట్టాలనుందో చెప్పు, వింటా" అన్నాను.

వాడు ఫోన్ పక్కన పెట్టి మొదలుపెట్టాడు. వింటుంటే నాకు భయమేసింది. అయినా వాడు ఆపేదాకా ఆగి, ఆమెన్ అన్నాను.